నూనె రాసిన తల, కడిగిన ముఖం

మనం నిద్రలో ఉన్నా గుండెను ఆపకుండా కొట్టించే దేవునికి ముందుగా స్తోత్రం. ఎండకు గోదావరి ఇసుక కాలిపోతున్నప్పుడు కూడా దాని అడుగున చల్లని నీరు దాచి ఉంచేవాడు ఆయన. మనిషి లోపల ఏం జరుగుతోందో ఆ మనిషి కన్నా ముందే ఎరిగినవాడు ఆయన. రోగి మంచం పక్కన నిలబడిన ప్రతిసారీ ఈ మాట తలుచుకుంటాను. నాకు కనిపించేది పైనున్న చర్మం మాత్రమే. లోపలి సంగతి చెప్పడానికి ఆయన ఆ చర్మం మీద కొన్ని గుర్తులు పెట్టాడు. వాటిని చూసి పోల్చుకోవడమే నా ఉద్యోగం. ఒక మధ్యాహ్నం ఆ గుర్తులు నాకు బాగా తెలిసిన వేరే గుర్తుల వెనక దాక్కున్నాయి. ఆ సంగతి రాస్తున్నాను.

నేను భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సును. మా ఆడవాళ్ల వార్డుకు గోదావరి ఇవతలి నుంచీ అవతలి నుంచీ రోగులు వస్తారు. అడవి లోపలి గూడేల వాళ్లు వస్తారు. బొగ్గు బావుల కాలనీల వాళ్లు వస్తారు. పర్ణశాలకు యాత్రకు వచ్చి ఎండదెబ్బ తగిలిన వాళ్లు కూడా వస్తారు. ఆ వారం కిటికీ పక్క మంచం మీద ఏన్కూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంది. మిరపతోట గట్టు మీద తుమ్మముల్లు పాదంలో దిగింది. షుగర్ ఉన్న మనిషి కాబట్టి అది పుండై, చీము పట్టి, కాలు వాచింది. డాక్టర్లు కోసి శుభ్రం చేశారు. రోజూ కట్టు మార్చడం, పూటపూటా షుగర్ చూసి ఇన్సులిన్ ఇవ్వడం మా పని.

ఆమె యేసును నమ్ముకున్న విశ్వాసి. దిండు కింద బైబిల్, దిండు పక్కన కొబ్బరినూనె సీసా. నేను కూడా విశ్వాసినని మొదటి రోజే కనిపెట్టింది. "వందనాలు బిడ్డా" అంటే నేను అనుకోకుండా "వందనాలమ్మా" అన్నాను. అప్పటి నుంచి వార్డులో నేను ఆమె సొత్తు.

"మా ఊరి తుమ్మముల్లు ఒక్కసారే గుచ్చింది. మీరు దినాం గుచ్చవడ్తిరి. మీకంటె గదే నయం" అనేది సూది చూడగానే.

"ఆ ముల్లు గుచ్చబట్టే కదమ్మా మేం గుచ్చాల్సి వస్తున్నది" అంటే, "జవాబులు మస్తుగ నేర్పిండ్రు మీకు నర్సింగ్ కాలేజీల" అని నవ్వేది.

ఆమె పక్క మంచం మీద ఒక చిన్న వయసు ఇల్లాలు చేరింది. ఆమె భర్త కొత్తగూడెం వైపు బొగ్గు బావిలో పని చేస్తాడు. బూర్గంపాడులో పుట్టింటికి వచ్చినప్పుడు కడుపునొప్పి మొదలైందట. రెండు రోజులు వాము నీళ్లతో గడిపి, పొట్ట చెక్కలా గట్టిపడ్డాక తీసుకొచ్చారు. భర్త డ్యూటీ నుంచి సరాసరి వచ్చాడు. గోళ్ల సందుల్లో బొగ్గు ఇంకా అలాగే ఉంది. ఆ పిల్ల నొప్పికి మెలికలు తిరుగుతుంటే మా పెద్దామె కట్టు కట్టిన కాలు మంచం మీద పెట్టుకుని, చేయి చాచి ఆ పిల్ల చేయి పట్టుకుని కూర్చునేది. వాళ్లు వేరే దేవునికి మొక్కే వాళ్లు. "ఎవలకు మొక్కితే ఏంది, నొప్పి నొప్పే గద" అనేది.

ఆ రోజు నాది మధ్యాహ్నం డ్యూటీ. నేను వార్డులోకి అడుగు పెట్టేసరికి ఆ ఇల్లాలి మంచం ఖాళీగా ఉంది. పేగుకు చిల్లు పడిందని, ఆలస్యం చేస్తే దక్కదని, భోజనాల వేళకే ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లారని పొద్దుటి డ్యూటీ సిస్టర్ చెప్పింది. మా దగ్గర డ్యూటీ అప్పగించేది మంచాల దగ్గర నిలబడి, రోగి ముందరే. కిటికీ పక్క మంచం దగ్గరికి వచ్చాం.

"షుగర్ ఎక్కువనే ఉండె అక్కా. పళ్ళెం వచ్చినంకనే ఇన్సులిన్ ఇచ్చిన. భోజనం కూడ అయింది" అంది సిస్టర్.

ఆ సిస్టర్ చేసినదాంట్లో తప్పు లేదు. అన్నం ముందుకు రాకుండా ఇన్సులిన్ ఇవ్వకూడదు. అన్నం వచ్చి, పెద్దామె పళ్ళెం ఒళ్లో పెట్టుకుని పప్పు కలుపుతుంటేనే ఇచ్చింది. ఇచ్చాక ఇంకో మంచానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. వార్డులో ఎవరు చూసినా తిన్నదనే అనుకుంటారు.

నేను "కడుపునిండా తిన్నవా అమ్మా?" అని అడిగాను. ఆమె నోటితో ఏమీ అనలేదు. నవ్వి, మంచం కింద కడిగి బోర్లించిన పళ్ళెం చూపించింది.

ఆమెను చూసి నాకు సంతోషమైంది. చేరిన నాడు చింపిరి జుట్టుతో, దుమ్ము పట్టిన ముఖంతో వచ్చిన మనిషి, ఇప్పుడు తలకు నూనె రాసి, పాపిడి తీసి, నున్నగా దువ్వుకుంది. ముఖం కడుక్కుని పౌడర్ కూడా అద్దుకుంది. రోగి తనంతట తాను తల దువ్వుకుందంటే కోలుకుంటున్నట్టే అని మాకు చదువులో చెప్పేవారు. అదే అనుకుని ముందుకు కదిలాను.

కొంతసేపటికి ఎదురు వరుసలో సెలైన్ మారుస్తుంటే ఆమె గొంతు వినబడింది. ప్రార్థన చేసుకుంటోంది. "కాపాడు తండ్రీ, ఆ పిల్లను కాపాడు తండ్రీ" అంటోంది. మంచిదే అనుకున్నాను. సెలైన్ మార్చడం అయిపోయింది. ఆమె ఇంకా అదే మాట అంటోంది. "ఆ పిల్లను... ఆ పిల్లను... ఆ పిల్లను." ప్రార్థనలో మాట తిప్పి తిప్పి అనడం మాకు కొత్త కాదు. కానీ ఆ మాట ముందుకు పోవడం లేదు. బురదలో దిగబడిన బండి చక్రంలా ఉన్నచోటే తిరుగుతోంది.

దగ్గరికి వెళ్లాను. ముఖం తడిగా ఉంది. మళ్లీ కడుక్కుందేమో అనుకుని తువ్వాలుతో తుడిచాను. తుడిచిన చోటే, నేను చూస్తుండగానే, నుదుటి మీద మళ్లీ నీటి బొట్లు లేచాయి. పౌడర్ చారలు చారలుగా కారుతోంది. మెడ వెనక చేయి పెడితే జాకెట్ పిండితే కారేంత తడి. చేతులు పట్టుకుంటే మంచుముక్కలు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"అమ్మా, నేనెవరు?"

నా వైపు చూసింది గాని నన్ను చూడలేదు. "స్ట్రెచర్ వచ్చిందా?" అంది.

వేలికి సూది గుచ్చి మిషన్ పెట్టాను. తెర మీద వచ్చిన అంకె చూసి నా కళ్లను నేను నమ్మలేదు. ఇంకో వేలు గుచ్చి చూశాను. ఇంకొంచెం దిగింది. అన్నం తిన్న మనిషికి అంత తక్కువ ఎలా వస్తుంది? ఆ క్షణంలో ఆలోచించే తీరిక లేదు. డాక్టర్‌ను పిలవమని చెప్పి, గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి గ్లాసు ఆమె పెదవులకు ఆనించాను.

పళ్లు బిగించింది.

"తాగమ్మా, షుగర్ పడిపోయింది."

తల అటు తిప్పేసింది. మళ్లీ ఆనిస్తే చేత్తో గ్లాసు తోసేసింది. మత్తులో కూడా ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో తెలియదు. పెదవుల మధ్య నుంచి గొణిగింది. "ముట్ట... స్ట్రెచర్ వచ్చేదాక ముట్ట..."

అప్పుడు నాకు అర్థమైంది. గ్లాసు పక్కన పెట్టేశాను.

మా సంఘాల్లో చిన్ననాటి నుంచీ నేర్పుతారు: ఉపవాసం ఉన్న మనిషి ఏడుపుముఖం పెట్టుకుని నలుగురికీ చూపించుకోకూడదు. తలకు నూనె రాసుకోవాలి, ముఖం కడుక్కోవాలి, మామూలుగా నవ్వాలి. ఉపవాసం దేవునికీ మనకూ మధ్య రహస్యం. నేను కూడా ఎన్నో శుక్రవారాలు అలాగే తల దువ్వుకుని, ముఖం కడుక్కుని డ్యూటీకి వచ్చినదాన్నే. ఆమె పక్క మంచం పిల్ల కోసం ఉపవాసం పట్టింది. ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్లాక పట్టింది. బైబిల్ వాక్యం చెప్పినట్టే దాచింది. అబద్ధం చెప్పకుండా పళ్ళెం చూపించింది. ప్రమాదానికి మొదటి గుర్తు చెమట. ఆ చెమట, కడిగిన ముఖం తడి వెనక దాక్కుంది. విధేయతకూ ప్రాణాపాయానికీ ఒకటే ముఖం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మత్తులోకి జారే మనిషి నోట్లో నీళ్లు బలవంతంగా పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నరంలోనే ఎక్కించాలి. ఎడమచేతికున్న సూదిగొట్టం దగ్గర వాచిందని ఆ పొద్దున్నే తీసేశారు. కుడిచేతి నరాలు చెమటకూ చలికీ ముడుచుకుపోయాయి. తట్టాను, రుద్దాను. మొదటిసారి దొరకలేదు. ఆమె కళ్లు తేలిపోతున్నాయి. "తండ్రీ, ఒక్క నరం చూపించు" అన్నాను పైకే. మోచేతి మడత కింద వేలికి ఏదో తగిలింది. గుచ్చాను. రక్తం కనిపించింది.

పరుగున వచ్చిన డాక్టర్ మేడం ఆజ్ఞ ప్రకారం గ్లూకోజ్ మందు మెల్లగా ఎక్కించాను. మెల్లగా ఎక్కించడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. చేయి తొందరపడుతుంది, నరం తట్టుకోదు.

ఆ గందరగోళం విని థియేటర్ వసారాలో కూర్చున్న బొగ్గుబావి మనిషి లోపలికి వచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"పెద్దమ్మకు ఏమైంది మేడం?"

"మధ్యాహ్నం ఈమె అన్నం తిన్నదా? నువ్వు ఇక్కడే ఉన్నవ్ కద?" అని అడిగాను.

"అవ్... తిన్నది" అన్నాడు నేల చూస్తూ.

"నిజం చెప్పు. ఆమె ప్రాణం మీదికి వచ్చింది."

అతను తలెత్తాడు. "నేను తిన్న మేడం. మా ఇంటామెను తోలుకపోయిన్రు గద, నేను బట్టలు మూట గడ్తున్న. పెద్దమ్మ పిలిచింది. పొద్దుగాలటి సంది ఏం తినలే గదరా కొడుకా, ఇది తిను అన్నది. నువ్వు తినవా అంటె, నీ పెండ్లాం మంచిగ వచ్చేదాక నాకు ఒక్కపొద్దు, ఎవలకు చెప్పకు అన్నది. ఒట్టు వేయించుకున్నది. నేనే పళ్ళెం కడిగి పెట్టిన." మంచం వైపు చూసి, "నా నోట్లకు పోయిన బువ్వ గింత పని చేసిందా" అన్నాడు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

బావుల్లో పైకప్పు కూలితే బయటపడిన మనుషులను నేను చూశాను. అతని ముఖం అలా ఉంది.

పెద్దామె కళ్లు తెరిచింది. ఈసారి నన్ను చూసింది. "ఏంది బిడ్డా, అందరు నా సుట్టు జేరిన్రు?" అంది. వెంటనే, "స్ట్రెచర్ వచ్చిందా?"

"ఇంకా రాలేదమ్మా."

మిషన్‌లో అంకె పైకి లేచింది. కానీ అది నిలవదు. లోపల ఇన్సులిన్ ఇంకా పని చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఎక్కించినది కాసేపే కాస్తుంది, కడుపులో అన్నం పడకపోతే మళ్లీ జారిపోతుంది. మేడం అదే విడమరిచి చెప్పింది. పెద్దామె శ్రద్ధగా విని తల ఊపింది.

"సమజైంది మేడం. ఆ పిల్ల రాంగనే తింట."

"అప్పటిదాకా ఆగితే మళ్లీ పడిపోతవమ్మా. ఈసారి లేవకపోవచ్చు."

"లేవకపోతె ఆయన సన్నిధికే గద పోతా."

మేడం నా వైపు చూసింది, మీ మనిషే కదా నువ్వు చెప్పు అన్నట్టు. నేను మంచం మీద కూర్చుని, ప్రభువు ప్రాణం కోరడనీ, తినడం పాపం కాదనీ నాకు తోచినదంతా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పట్టిన ఉపవాసం సగంల ఇడువుమంటున్నవ్. ఆ పిల్ల లోపట కత్తి కింద ఉన్నది. నువ్వు విశ్వాసివేనా బిడ్డా?"

కోపంతో అనలేదు ఆమె. నిజంగానే అడిగింది. ఆమెకు ఆ ఉపవాసం ఒక తాడు. తాను వదిలేస్తే అవతల ఆ పిల్ల పడిపోతుందని నమ్ముతోంది. ఒక ప్రాణం కోసం ఇంకో ప్రాణం నా కళ్ల ముందు కరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. చేతిలో చదువుంది, మందు ఉంది, మిషన్ ఉంది. అవేవీ ఆ బిగించిన పళ్లను తెరవలేవు.

అప్పుడు మా సంఘంలో ఉన్న ఒక వాడుక గుర్తుకొచ్చింది. గొలుసు ఉపవాసం. ఎవరికైనా పెద్ద ఆపద వచ్చినప్పుడు ఒక సహోదరి మొదలుపెడుతుంది. ఆమె చేతనైనంత ఉండి, ఇంకో సహోదరి చేతిలో చేయి వేసి అప్పగిస్తుంది. అప్పగించిన మనిషి తింటుంది, అందుకున్న మనిషి తినడం ఆపేస్తుంది. ఉపవాసం మాత్రం తెగదు.

"అమ్మా, మీ సంఘంల గొలుసు ఉపవాసం ఉంటదా?"

"ఉండకేం."

"అయితే నాకియ్యి. ఆ స్ట్రెచర్ వచ్చేదాక నేనుంట."

ఆమె కళ్లు చిన్నవి చేసింది. మొదటిసారి ఆమె ముఖంలో ఆలోచన కనిపించింది.

"పొద్దున ఏం తిన్నవ్?"

"ఉప్మా తిన్న."

"బగ్గ తిన్నవా, తిన్ననంటె తిన్నవా?"

"బగ్గనే తిన్న."

"షుగర్ ఉన్నదా నీకు?"

"లేదమ్మా."

"సూదులు గీదులు ఏమన్న తీస్కుంటవా? కడుపుతోని ఉన్నవా?"

"లేదు, లేదు."

మేడం నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పొద్దుటి నుంచీ వార్డులో జరిగిన పరీక్షలన్నింటిలోకీ సరైన పరీక్ష అదే. ఎవరైనా ఉపవాసానికి తగినవాళ్లా కాదా అని ఒక మనిషి ఇంకో మనిషిని నేరుగా, సిగ్గుపడకుండా అడగడం. మేం ఆమెను ఆ మాట అడగలేదు. అడగాలని మాకు తోచలేదు.

ఆమె తన చల్లని చేయి నా చేతిలో పెట్టింది. కళ్లు మూసుకుని కొద్దిసేపు ఏదో చెప్పుకుంది. "పట్టుకో, జారనియ్యకు" అంది చివరికి. తర్వాత గోడ దగ్గర కూర్చున్న మనిషి వైపు చూసింది. "ఏందిరా గట్ల కూసున్నవ్? నా బువ్వ తిన్నవ్ గద. జల్దీ పోయి ఏమన్న పట్కరాపో."

అతను లేచిన తీరు చూడాలి. క్యాంటీన్ నుంచి పెరుగన్నం తెచ్చాడు. పొట్లం ఆమె చేతికిచ్చి చూసే ఓపిక లేక తనే ముద్ద చేసి ఆమె నోటికి అందించాడు. ఆ నల్లని గోళ్లు చూసి నేను చేతులు కడుక్కోమనబోయాను. మొదటే కడుక్కున్నాడు, బొగ్గు పోలేదు, అంతే. ఆమె నమిలింది, మింగింది. నేను ఆమె గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. ఒక మనిషి అన్నం మింగడాన్ని అంత భయంతో, అంత ఆశతో నేనెప్పుడూ చూడలేదు.

మిగతా మధ్యాహ్నమంతా మాటిమాటికీ వచ్చి ఆమె వేలు గుచ్చాను. "ఇగ చాలు, వేళ్లన్ని జల్లెడ అయినయ్" అని గొణిగింది గాని చేయి చాచింది. అంకె నిలిచింది. టీ వచ్చింది, నేను తాగలేదు. పక్కనే టీ తాగుతున్న, నాతో డ్యూటీలో ఉన్న ఇంకో సిస్టర్‌కు కారణం చెప్పాను. ఆ రోజు నా ఉపవాసం నేను దాచలేదు. దాచితే మంచిది కాదనిపించింది, ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి.

ఎండ కిటికీ నుంచి తప్పుకున్నాక వసారాలో చక్రాల చప్పుడు వినిపించింది. స్ట్రెచర్ తలుపు దాటి లోపలికి వచ్చింది. ఆ ఇల్లాలు మత్తులో ఉంది. ముక్కుకు గొట్టం, పొట్టకు కట్టు. నేను ఊపిరి చూశాను, నాడి చూశాను, చేతి వెచ్చదనం చూశాను. నాడి వేగంగానే ఉంది గాని బలంగా ఉంది. ఆమె భర్త కాళ్ల దగ్గర నిలబడి నా ముఖం వైపే చూస్తున్నాడు. "ఉన్నది" అన్నాను. అంతకన్నా పెద్ద మాట నాకు దొరకలేదు.

పెద్దామె నన్ను పిలిచింది. దిండు కింద నుంచి బిస్కెట్ పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

"తిను."

"డ్యూటీ అయినంక తింటనమ్మా."

"ఇప్పుడే తిను. నా ముంగట తిను. పొట్లం జూపిస్తె నమ్మ, నోరు జూస్త."

ఆమె ముందర నిలబడి తిన్నాను. మింగి, నోరు తెరిచి చూపించాను.

వాళ్లిద్దరూ తర్వాత తర్వాత నడిచి ఇళ్లకు వెళ్లారు. కాలు నిలిచింది, పేగు నిలిచింది. నేను మాత్రం ఆ మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయినట్టుంటుంది ఒక్కోసారి. ఇప్పుడు ఇన్సులిన్ చేతికి తీసుకునే ముందు ప్రతి మంచం దగ్గరా అడుగుతాను: "ఇయ్యాల ఒక్కపొద్దు ఏమన్న ఉన్నవా?" సోమవారాలు, శనివారాలు, రంజాన్ రోజాలు, ఈస్టర్ ముందరి శ్రమదినాలు, మొక్కులు. మా వైపు ఉపవాసం లేని ఇల్లు లేదు. కొందరు నవ్వుతారు. కొందరు తల దించుకుంటారు. తల దించుకుంటే మంచం అంచున కూర్చుంటాను. సూది ఇచ్చాక మొదటి ముద్దలు గొంతు దిగేదాకా కదలను. ఎవరి ముఖమైనా కడిగినట్టు మెరిస్తే చేత్తో తుడిచి, మళ్లీ తడి లేస్తుందేమో చూస్తాను.

ఇది చదువుతున్న అక్కలారా, అన్నలారా, ఒక్క క్షణం నాతో కలిసి చేతులు జోడించండి. తండ్రీ, నీ కోసం ఆకలితో ఉన్నవాళ్లు నీకు తెలుసు, వాళ్ల రహస్యం నీ దగ్గర భద్రం. ఆ రహస్యాన్ని సూది పట్టుకున్న చేతికి కూడా చెప్పే ధైర్యం వాళ్లకియ్యి. అడగడానికి మాకు నోరియ్యి, తాకి చూడడానికి వెచ్చని చేతులియ్యి. ఈ పూట ఏ వార్డులోనైనా ఒక పళ్ళెం ఖాళీగా కనిపిస్తే, ఆ అన్నం ఎవరి కడుపులో పడిందో మాకు చూపించు. ఆమేన్ అనండి.